పడిన ఎత్తు

ఆ గురువారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న పాపకి స్నానం చేయించాలి. అమ్మ చేతులు కట్టుకుని పక్కన నిలబడి చూడాలి.

సోమవారం నుంచి అమ్మ తిరిగి ఉద్యోగానికి వెళ్తుంది. ఆమెది కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. ఏడు నెలల సెలవు ఆదివారంతో అయిపోతుంది. ఆమె లేనన్నాళ్ళూ ఆ మిషను దగ్గర కూర్చున్న అమ్మాయి పని బాగానే పట్టుకుందని, సోమవారం రాకపోతే ఆ కుర్చీ ఇక ఆ అమ్మాయిదేనని యజమాని ఫోన్లో చాలా మర్యాదగా చెప్పాడు. "పాపని చూసుకోండమ్మా, తొందరేం లేదు" అని కూడా అన్నాడు. ఆ చివరి మాటే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

మూడు నెలలు మా అమ్మని పిలిపిద్దామని ఆమె అడిగింది. భర్త ఒప్పుకోలేదు. ఆమె ఏడింటికి వెళ్ళి ఒంటిగంటకు వస్తుంది, తనకు రెండో షిఫ్టు కాబట్టి రెండింటికి బయల్దేరతాడు, లెక్క సరిపోయింది. "మధ్యలో మీ అమ్మగారు దేనికి? నన్ను చూసుకోవడానికా?" అన్నాడు. అత్తగారు ముప్పై ఏళ్ళు రైళ్ళలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. మొహం చూస్తే మనిషి దగ్గర టికెట్టుందో లేదో తెలిసిపోతుందని ఆవిడ నమ్మకం. పాప పుట్టిన కొత్తలో నాలుగు నెలలు ఈ ఇంట్లోనే ఉండి, రోజూ అల్లుడి మొహం వంక అలాగే చూసింది.

అతను స్నానానికి సిద్ధమైన తీరు అతనికి తగ్గట్టే ఉంది. టబ్బు పెట్టే బల్ల ఎత్తు టేపుతో కొలిచాడు. డెబ్బై అయిదు సెంటీమీటర్లు. నీళ్ళ వేడి కొలిచాడు. రెండూ ఒక చీటీ మీద రాశాడు. గోడకి ఆనుకుని చూస్తున్న భార్య, "పాపని కూడా తీసుకురమ్మంటారా, కాగితాలు సరిపోతాయా?" అంది. వేళాకోళమే, కానీ అందులో నవ్వు లేదు. కొన్ని రోజులుగా ఆ ఇంట్లో వేళాకోళాలు అలాగే వస్తున్నాయి.

పాపని టబ్బులో కూర్చోబెట్టి, ఎడమ అరచెయ్యి తల వెనక ఆసరాగా పెట్టి నీళ్ళు పోస్తుండగా, అతని ఉంగరపు వేలికి ఏదో తగిలింది. మెడకి కాస్త పైన, జుట్టు మొదలయ్యే చోట, చర్మం కింద ఒక చిన్న గడ్డ. బఠాణీ గింజంత. వేలు కదిపితే అదీ కదిలింది. బొటనవేలిని అటు జరిపి చూశాడు. అటువైపు ఇంకొకటి.

"బాగానే చేయించారే," అంది భార్య.

"ఊ," అన్నాడు.

అతను పనిచేసేది హెల్మెట్ల ఫ్యాక్టరీలో, పరీక్ష గదిలో. అక్కడ ఒక ఇనుప తల ఉంది. కళ్ళూ ముక్కూ లేని ఆ తలకి హెల్మెట్ తొడిగి, పైకెత్తి, ఇనుప దిమ్మ మీద పడేస్తారు. పడ్డాక లోపలా బయటా వేళ్ళతో తడిమి, పగుళ్ళూ సొట్టలూ బుడిపెలూ వెతికి రాయడం అతని పని. పదేళ్ళుగా అతను శ్రద్ధగా తడిమిన తల ఆ ఒక్కటే. తలంటే నున్నగా ఉంటుందని అతని వేళ్ళు నమ్మేశాయి. బుడిపె తగిలిందంటే అది ఎక్కడో పడిందన్నమాటే. ఇంకో అర్థం ఆ వేళ్ళకి తెలియదు.

భార్యకి చెప్పి ఉంటే కథ ఆ బల్ల దగ్గరే అయిపోయేది. చెప్పకపోవడానికి కారణం సోఫా.

పదకొండు రోజుల కిందట, ఒక ఆదివారం మధ్యాహ్నం, పాపని గుండె మీద పడుకోబెట్టుకుని సోఫాలో వాలాడు. నిద్రపట్టేసింది. మెలకువ వచ్చేసరికి గుండె మీద పాప లేదు. కింద తివాచీ మీద బోర్లా పడుకుని, దాని అంచు నోట్లో పెట్టుకుని నములుతోంది. వంటింట్లో కుళాయి చప్పుడు. అతను పాపని ఎత్తుకుని, ఒళ్ళంతా చూసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బయటి చెట్లు చూపిస్తూ నిలబడ్డాడు. భార్య పాలసీసాతో వచ్చినప్పుడు ఆమెకి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఆ సోఫాలో మళ్ళీ కూర్చోలేదు. రాత్రి భోజనమయ్యాక భార్య ఎప్పటిలా సోఫాలో ఒక పక్కకి ఒదిగి చోటిచ్చినా, అతను కుర్చీ లాక్కుని దూరంగా కూర్చునేవాడు.

భయం కారణాన్ని వెతకదు. చిరునామా వెతుకుతుంది. దొరికిన చిరునామా తనదే అయితే, దాన్ని కొట్టేసి పక్కగదిది రాస్తుంది. ఆ సాయంత్రం టీ విరామంలో అతను చేసింది సరిగ్గా ఇదే, కాకపోతే చేస్తున్నట్టు అతనికి తెలియదు.

పరీక్ష నివేదికలో పద్నాలుగు గడులుంటాయి. నమూనా, బరువు, దెబ్బ తగిలిన చోటు, లోపం కొలత, పడిన ఎత్తు, చివర్లో బాధ్యత గల విభాగం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా పై అంతస్తు నుంచి కాగితం వెనక్కి వస్తుంది. రెండేళ్ళ కిందట అతను ఒక గడి వదిలేసినందుకు ఒక లారీ సరుకు మూడు రోజులు గేటు దగ్గరే ఆగిపోయింది. అప్పట్నుంచి అతను ఖాళీ అన్నది వదల్లేదు. తెలియకపోతే అంచనా రాసేవాడు, అంచనా కూడా లేకపోతే నిరుటిది రాసేవాడు. తోటివాళ్ళు అతనికి 'గడుల మాస్టారు' అని పేరు పెట్టారు. మెచ్చుకోలనుకుని అతను ఒప్పుకున్నాడు.

డాక్టరుకి చూపించాలంటే అన్నీ ఒక వరసలో ఉండాలి కదా అని ఒక ఖాళీ నివేదిక తీసుకున్నాడు. నమూనా దగ్గర 'పాప, ఏడు నెలలు' అని రాశాడు. చోటు రాశాడు. లోపం కొలత కుడివైపు ఆరు మిల్లీమీటర్లు, ఎడమవైపు అయిదు అని రాశాడు. 'పడిన ఎత్తు' దగ్గర కలం ఆగింది. సోఫా ఎత్తు నలభై అయిదు. ఆ సంగతి అతనికి తెలుసు, అంతకుముందెప్పుడో కొలిచాడు. కలం డెబ్బై అయిదు అని రాసింది. పొద్దున కొలిచిన అంకె కాబట్టి చేతికి అదే వచ్చిందని సర్దిచెప్పుకున్నాడు. అంకె అంకే, అందులో ఎవరి పేరూ లేదు. 'బాధ్యత గల విభాగం' దగ్గర కాసేపు ఆలోచించి 'ఇల్లు' అని రాశాడు.

శుక్రవారం పొద్దున ఆరింటికి నిద్రపోతున్న పాప తల వెనక నొక్కి చూశాడు. ఎనిమిదింటికి చూశాడు. పదింటికి, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన కొలత పరికరంతో చూశాడు. ఏడు మిల్లీమీటర్లు. పన్నెండింటికి ఎనిమిది, పైగా చుట్టూ ఎర్రబడింది. రెండు గంటలకో మిల్లీమీటరు చొప్పున నెల తిరిగేసరికి ఎంతవుతుందో లెక్క కట్టాడు. ఆ జవాబు పాప తల కంటే పెద్దదిగా వచ్చింది. ఇక దాచడం తన వల్ల కాదనుకుని భార్యని పిలిచాడు.

ఆమె వచ్చి వేలితో తాకింది. "ఇవా? ఇవి ఎప్పట్నుంచో ఉన్నాయి కదా."

"ఎప్పట్నుంచో అంటే?"

"రెండు నెలలైంది. అమ్మ మధ్యలో ఒకసారి వచ్చినప్పుడు చూసింది. నాకూ ఉండేవట చిన్నప్పుడు. ఇంత ఎరుపు మాత్రం లేదు. ఏం చేశారు?"

రెండు నెలలు. సోఫా సంగతి జరిగి రెండు వారాలు కూడా కాలేదు. ఆ మాట వినగానే అతని గుండె మీంచి బరువు దిగిపోవాలి. దిగలేదు. ఇన్నాళ్ళు ఒంటరిగా మోసిన నేరం, అసలు మోయక్కర్లేనిదని ఇంత మామూలుగా చెబితే మనిషికి కోపం వస్తుంది. అతనికీ వచ్చింది. రెండు నెలలుగా తెలిసి ఎందుకు దాచావని అడిగాడు. దాచడానికి ఇదేమన్నా నగా అని ఆమె అంది. మీ అమ్మ చూస్తే సరిపోతుందా, ఆవిడేమన్నా డాక్టరా అని అతను అన్నాడు. ఆమె తల్లికి ఫోను చేసి అతని చేతికిచ్చింది.

"నొక్కకండి అల్లుడుగారూ," అంది అత్తగారు. "నొక్కితే ఏదైనా వాస్తుంది. కావాలంటే రెండు రోజులు మీ మోకాలు నొక్కి చూసుకోండి."

సోమవారంలోగా ఈ గొడవ తేలిపోవాలని భార్యే శనివారం ఆసుపత్రికి వెళ్దామంది. ఉద్యోగానికి వెళ్ళే ముందు ఆమెకి కావలసింది ఒక్క మాట: ఏం ఫరవాలేదని ఎవరైనా తెల్లకోటు వేసుకున్నవాళ్ళు భర్త ముందు అనడం. అతను గురువారం నాటిదీ, శుక్రవారం కొలతలు రాసిన రెండూ, మొత్తం మూడు నివేదికలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. అందులో ఏముందో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

బస్సులో పాప పాలు కక్కింది. ఆసుపత్రిలో నంబరు పిలిచేసరికి పదకొండు దాటింది. రోజూ అది పాప పడుకునే వేళ. తల్లి భుజం మీద ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

గదిలో ఉన్న చిన్న డాక్టరు ముందురోజు పొద్దున్నుంచి డ్యూటీలో ఉన్నాడు. కళ్ళ కింద నల్లటి సంచులు. తల్లిదండ్రులు చెప్పేది వినే ఓపిక అతనికి లేదు. చదివే ఓపిక మాత్రం కాస్త మిగిలి ఉంది. అతను పాప కంటే ముందు కవరు అందుకున్నాడు. పొద్దున్నుంచి "ఏమో సార్", "అప్పుడెప్పుడో సార్" అనే మనుషుల మధ్య, ఒక్క ఖాళీ కూడా లేని కాగితం చూసేసరికి అతని మొహం విచ్చుకుంది.

"ఇంత చక్కగా రాసుకొచ్చినవాళ్ళని నేను చూడలేదు," అన్నాడు. గడుల మాస్టారికి ఒక్క క్షణం మనసు నిండిపోయింది. డాక్టరు వేలు గడుల వెంట కిందికి దిగుతూ ఒకచోట ఆగింది. "డెబ్బై అయిదు సెంటీమీటర్లు. ఎప్పుడు పడింది?"

"ఏం పడింది?" అంది భార్య.

"పాప."

ఆమె భర్త వంక తిరిగింది. అద్దంలో సన్నటి గీతని వెతికి పట్టుకునే కళ్ళు అవి. ఎక్కువసేపు పట్టలేదు. "డెబ్బై అయిదు మా స్నానం బల్ల ఎత్తు," అంది నెమ్మదిగా. డాక్టరుతో అన్నట్టు లేదు.

అతను అది అంచనా మాత్రమేనన్నాడు. అంచనా అంటే అంతకు ఎక్కువా తక్కువా అని డాక్టరు అడిగాడు. ఎక్కువ ఉండదు, అన్నాడు అతను. ప్రశ్న అడిగితే కొలత చెప్పడం అతని నోటికి అలవాటైన పని. వాంతులయ్యాయా అంటే, బస్సులో పాలు కక్కిందని చెప్పాడు. మత్తుగా ఉంటోందా అంటే, ముగ్గురూ పాప వంక చూశారు. అది గురక పెడుతోంది. గడ్డలు పెరుగుతున్నాయా అంటే, అతను రెండో కాగితమూ మూడో కాగితమూ తీసి, గంటగంటకీ పెరిగిన వైనం చూపించాడు. అతను చెప్పిన ప్రతి జవాబూ నిజమే. అవన్నీ ఒకచోట చేరేసరికి పాప కింద పడి తలకి దెబ్బ తగిలి మగతలో ఉన్న పిల్ల అయిపోయింది.

"తల్లికి తెలియకుండా పడిందా, తెలిసి చెప్పలేదా?" అని డాక్టరు చివరగా అడిగాడు. ఆ ప్రశ్నకి మాత్రం అతని దగ్గర కొలత లేదు.

పాపని పరిశీలన గదిలో మంచం మీద పడుకోబెట్టారు. స్కాను తియ్యాలా వద్దా అన్నది పెద్ద డాక్టరు వచ్చి చెప్తుందన్నారు. పసిపిల్లలు పడిన సంగతి కాగితం మీద ఉండి, తల్లి తెలియదంటే పిల్లల సంక్షేమ విభాగానికి కబురు పెట్టడం ఇక్కడి నియమమని కూడా అన్నారు. ఎదురుచూసే ఆ అరగంటలో భార్య ఒకే ఒక మాట అడిగింది.

"డాక్టరు చేతిలో కాగితం చూశాను. ఇంకో గడిలో 'ఇల్లు' అని రాశారు. ఇల్లంటే ఎవరు?"

అతను తన బూట్ల వంక చూసుకున్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు. అడగకపోవడం అతనికి మొదట తేలికగా అనిపించింది. తర్వాత, ఆ కుర్చీల వరసలో పక్కపక్కనే కూర్చుని, తామిద్దరి మధ్య ఒక తలుపు చప్పుడు కాకుండా మూసుకోవడం విన్నట్టనిపించింది.

సంక్షేమ ఉద్యోగిని మడమల్లేని చెప్పులు వేసుకుని, భుజాన బరువైన సంచీతో వచ్చింది. గొంతు పెంచని మనిషి. సంచీలోంచి తన కాగితం తీసింది. దానికి ఇరవై రెండు గడులు. ఇంత గందరగోళంలోనూ ఆ కాగితం మందం, గీతల తీరు చూసి గడుల మాస్టారికి కాస్త అసూయ కలిగింది.

ఆవిడ ముందు భార్యని, తర్వాత అతన్ని, తర్వాత ఇద్దర్నీ కలిపి అడిగింది. పాపకి స్నానం ఎవరు చేయిస్తారు? తల్లి. బల్ల మీద పెట్టి ఎప్పుడైనా పక్కకి వెళ్ళారా? లేదు. ఎప్పుడూ? ఎప్పుడూ. మరి పడిన సంగతి తండ్రి రాశారు, తల్లి కాదంటున్నారు, కాబట్టి తల్లి సోమవారం పదింటికి కార్యాలయానికి వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి, తేలేదాకా పాపతో ఒంటరిగా ఉండకూడదు.

"సోమవారం నాకు కుదరదండీ," అంది భార్య. "ఉద్యోగంలో చేరాలి. ఆ రోజు చేరకపోతే ఇక చేరడం ఉండదు."

ఉద్యోగిని ఆ మాట కూడా రాసుకుంది. రాసుకుంటున్నప్పుడు ఆవిడ కనుబొమలు కొంచెం పైకి లేచాయి. ఏడు నెలల పాప తలకి దెబ్బ తగిలి మంచం మీద ఉంటే ఉద్యోగం గురించి మాట్లాడే తల్లికి ఏ గడి సరిపోతుందో వెతుకుతున్నట్టుంది.

అప్పుడు పెద్ద డాక్టరు వచ్చింది. గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్న, వయసు మళ్ళిన మనిషి. కాగితాలు ఎవరో చేతికివ్వబోతే వద్దని, తిన్నగా పాప దగ్గరికి వెళ్ళి, తల వెనక రెండు వేళ్ళు పెట్టింది. అప్పుడే లేచిన పాప ఆవిడ మెడలో వేలాడుతున్న గొట్టం పట్టుకుని లాగింది. పాప కళ్ళు, చెవులు, మెడ, చంకలు అన్నీ చూసి, జ్వరం చూసి, తల్లిని ఒకటి రెండు అడిగి, ఆవిడ తిరిగి గడుల మాస్టారి దగ్గరికి వచ్చింది. "కాస్త వంగండి," అని అతని మెడ వెనక తడిమింది.

"మీకూ ఉంది ఒకటి, చిన్నది. మిమ్మల్ని ఎవరు పడేశారు?"

ఎవరూ నవ్వలేదు. అవి గ్రంథులని, అందరికీ ఉంటాయని, పసిపిల్లల్లో చేతికి తగలడం మామూలని ఆవిడ చెప్పింది. మాడు మీద కాస్త పొక్కినా, జలుబు చేసినా అవి ఉబ్బుతాయి, తర్వాత వాటంతటవే తగ్గుతాయి. పెరుగుతూ పోయినా, రాయిలా గట్టిపడినా, జ్వరం వచ్చినా మళ్ళీ తీసుకురావాలి. దెబ్బ తగిలిన గుర్తు ఎక్కడా లేదు, స్కాను అక్కర్లేదు. "ఈ ఎరుపంటారా, ఇది ఎవరిదో వేలు. ఆ వేలుకి ఏదన్నా పని చెప్పండి," అని చెప్పి, పక్క మంచానికి వెళ్ళిపోయింది.

భార్య కళ్ళు మూసుకుని ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆమెకి కావలసిన మాట వచ్చేసింది. పాపని ఎత్తుకుని సంచీ సర్దుకోబోయింది. సంక్షేమ ఉద్యోగిని కదల్లేదు.

"గడ్డలు మామూలేనమ్మా. సంతోషం," అంది. "పడటం మామూలు కాదు కదా. కేసు గడ్డలకి కాదు, పాప పడినందుకు."

అసలు పాప పడలేదని గడుల మాస్టారు అన్నాడు. పడకపోతే డెబ్బై అయిదు ఎక్కడిదని ఆవిడ అడిగింది. గడి ఖాళీగా వదలకూడదని రాశానన్నాడు. ఆవిడ కలం ఆపి అతని మొహంలోకి చూసింది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆవిడ చాలా సంజాయిషీలు విని ఉంటుంది, ఇది మాత్రం కొత్తది. 'తండ్రి మాట మారుస్తున్నాడు. భార్యని కాపాడే ప్రయత్నం' అని రాసుకుంది. సోమవారం పదింటికి తల్లి రావలసిందేనని మళ్ళీ చెప్పింది.

భార్య అతని వంక చూడలేదు. పాప సాక్సు ఒకటి జారిపోతే దాన్ని పైకి లాగుతోంది. లాగిన దాన్నే మళ్ళీ లాగుతోంది.

అప్పుడతనిలో ఏదో పెద్దగా కదిలింది. రెండు వారాలుగా గొంతులో అడ్డుపడి ఉన్నది, చెప్పుకోవడానికి మనిషి దొరక్క కుళ్ళిపోతున్నది, ఇప్పుడు ఒకేసారి ఉపయోగంలోకి కూడా వచ్చింది. తప్పు ఒప్పుకోవడంలో సుఖం ఉంటుందని అతను వినలేదు. ఆ నిమిషంలో అది అతనికి నోరూరించింది.

"పడిన మాట నిజమేనండీ," అన్నాడు. "బల్ల మీంచి కాదు. సోఫా మీంచి. నా చేతుల్లోంచి."

భార్య తలెత్తింది. ఏదో అనబోయినట్టు నోరు తెరిచింది. అతను చెయ్యెత్తి ఆపాడు. ఆమె నోరు మూసుకుంది. తన నిజాయితీకి నిర్ఘాంతపోయిందనుకున్నాడు.

అతను అంతా చెప్పాడు. ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర, సోఫా ఎత్తు నలభై అయిదు, కింద తివాచీ మందం రెండు. నిద్రపోయానని చెప్పాడు. దాచానని చెప్పాడు. బల్ల ఎత్తు ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమవుతోందని, అది భార్య మీదికి తోసెయ్యడమేనని కూడా చెప్పాడు. ఇంత బాగా తాను ఎప్పుడూ మాట్లాడలేదనిపించింది. ఉద్యోగిని ఇరవై రెండు గడులూ నింపి, కాగితం అతని వైపు తిప్పింది. అతను మూడుచోట్ల సంతకం పెట్టాడు.

తల్లి సోమవారం రానక్కర్లేదంది ఉద్యోగిని. తండ్రి మాత్రం తొంభై రోజులు పాపతో ఒంటరిగా ఉండకూడదు. తల్లి ఇంట్లో లేని సమయంలో పెద్దవాళ్ళు ఇంకొకరుండి, ఏ రోజుకారోజు తండ్రి పాపని చూసుకునే తీరు ఒక కాగితంలో రాయాలి. అలాంటివాళ్ళు ఎవరైనా...

"మా అమ్మ," అంది భార్య, ఆవిడ మాట పూర్తికాకముందే.

బస్టాపులో వాళ్ళిద్దరే ఉన్నారు. మధ్యాహ్నపు ఎండ సిమెంటు బెంచీ మీద పడి కాలుతోంది. పాప మళ్ళీ నిద్రపోయింది. అతనికి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. భార్య ఏదో ఒకటి అంటుందని, బహుశా కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని ఎదురుచూస్తున్నాడు. తన ఉద్యోగం నిలబెట్టిన మనిషిని ఏమీ అనకుండా ఎంతసేపుంటుంది?

"ఆ రోజు పాప పడలేదు," అంది ఆమె రోడ్డు వంక చూస్తూ. "మీ చెయ్యి జారిపోతోందని నేనే తీసి తివాచీ మీద పడుకోబెట్టాను. పాలసీసా కడగడానికి వంటింట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి దాన్నెత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు."

"మరి అక్కడ చెప్పలేదేం?" అన్నాడు అతను.

"చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపారు."

"తర్వాతన్నా..."

"తర్వాత చెప్తే నేను సోమవారం పదింటికి ఆవిడ ముందు కూర్చునేదాన్ని." ఆమె పాప తల మీద ఎండ పడకుండా కొంగు కప్పింది. "వెళ్ళి ఇప్పుడు చెప్పండి కావాలంటే. ఇంకోసారి మాట మార్చారని రాసుకుంటుంది."

అతను ఆసుపత్రి గేటు వంక చూశాడు. కూర్చున్నచోటి నుంచి లేవలేదు.

"పదమూడు రోజులు," అంది ఆమె. "సోఫాలో నా పక్కన కూర్చోవడం మానేసి పదమూడు రోజులైంది. నేను ఇంకేదో అనుకున్నాను."

"ఏమనుకున్నావు?"

బస్సు వచ్చింది. ఆమె పాపతో ముందు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటులో సంచీ పెట్టుకుంది. అతను ఆ సంచీ వంక కాసేపు చూసి, వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు. అక్కణ్ణించి ఆమె మెడ, జుట్టు ముడి, ఆమె భుజం మీద పాప తల కనిపిస్తున్నాయి. ఇల్లు చేరేదాకా ఆ తల వెనక రెండు చోట్లనీ చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి చాపితే అందుతాయి. చాపలేదు.

అత్తగారు ఆదివారం సాయంత్రం ఒక పెట్టెతో దిగింది. జరిగిందంతా కూతురు ఫోన్లో చెప్పినట్టుంది, అల్లుణ్ణి ఏమీ అడగలేదు. మొహం వంక ఒక్కసారి చూసి, టికెట్టు లేదని తేల్చుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం ఏడింటికి భార్య ఉద్యోగానికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు పాపకి ముద్దు పెట్టింది, తల్లికి పాలసీసాలు చూపించింది, భర్తతో "వస్తానండీ" అంది. ఆ 'వస్తానండీ'లో కోపం కూడా లేదు. పక్కింటివాళ్ళతో అన్నట్టుంది. అతను టబ్బు తెచ్చి బల్ల మీద పెట్టి, నీళ్ళు సరిచూసి, పాపని అందులో కూర్చోబెట్టాడు. ఈసారి ఎడమ చెయ్యి తల వెనక కాక, వీపు కింద పెట్టాడు.

అత్తగారు కళ్ళజోడు తగిలించుకుని సోఫాలో సర్దుకుని కూర్చుంది. కార్యాలయం వాళ్ళిచ్చిన కాగితం ఒళ్ళో అట్ట మీద పెట్టుకుంది. రోజుకి పది గడులు. తండ్రి ఓర్పు, తండ్రి జాగ్రత్త, తండ్రి నిద్రపోయిన సమయం, ఇలా. అతనికి ఆ కాగితం తలకిందులుగా కనిపిస్తోంది. "మీకు తెలియనివి ఏమన్నా ఉంటే వదిలెయ్యండి అత్తయ్యగారూ, ఫరవాలేదు," అన్నాడు.

ఆవిడ తలెత్తకుండా కలం మూత తీసింది.

శుక్రవారం ఆ వారపు కాగితం కార్యాలయానికి వెళ్ళినప్పుడు, అందులో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.